కట్టు తెలిసిన చెయ్యి

మాది నగరి అని చెప్పగానే ఎదుటివాళ్ళు అడిగే మొదటి మాట, "పుత్తూరు మీకు దగ్గరేనటగా?" అని.

మా ఊరికేం తక్కువ! ముక్కులాగా పొడుచుకువచ్చిన కొండ ఉంది. కుశస్థలి ఉంది. దేశమ్మ గుడి ఉంది. ఏ వీధిలోకి వెళ్ళినా మరమగ్గాల టకటక ఉంది. అయినా లోకానికి మేము పుత్తూరు పక్క ఊరివాళ్ళమే. ఒకసారి హైదరాబాదులో ఏదో సాహిత్య సభకు వెళ్ళాను. నన్ను పరిచయం చేయవలసిన పెద్దమనిషికి నా నవలల పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. "వీరిది నగరి" అని మొదలుపెట్టి, తమ బావమరిది స్కూటరు మీదినించి పడ్డప్పుడు పుత్తూరు తీసుకువెళ్ళి కట్టు కట్టించిన వైనం పది నిమిషాలు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని కూర్చున్నారు. నాకు కోపం రాలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే అనిపించింది.

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పుత్తూరు తిరుపతి జిల్లాకు పోయింది, నగరి చిత్తూరుకు మిగిలింది. "ఎముకలు కలిపే ఊరినే మననించి విరిచేసినారే!" అని మా చిన్నాయన నవ్వాడు.

ఆ చిన్నాయనే పోయిన ఏడు వేసవిలో మా ఇంటి నడవలో నిలబడి కేకలు వేశాడు.

"పక్కలో పుత్తూరు పెట్టుకోని, వదినను తిరుపతికి ఎత్తుకుపోయి కత్తికిస్తారా? బుద్ధుండే మాట్లాడతా ఉండారా?"

అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. తెల్లవారుజామున పెరట్లోకి పోతూ గడప తట్టుకుని పక్కకు ఒరిగి పడింది. మెట్లమీదినించి దొర్లిందీ లేదు, ఏదీ వచ్చి గుద్దిందీ లేదు. ఊరికే పడింది, అంతే. కానీ లేవలేకపోయింది. మంచం మీద పడుకోబెట్టి చూస్తే కుడి కాలు ఎడమ కాలికంటే పొట్టిగా ఉంది, పాదం బయటివైపుకు తిరిగిపోయి ఉంది. అంత నొప్పిలోనూ అమ్మ నాకే ధైర్యం చెప్పింది. "ఏం కాలేదులే పాపా. పుత్తూరికి పోయి ఒక కట్టు కట్టించుకోని వచ్చేస్తాను."

అమ్మకూ చిన్నాయనకూ ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. దానికి మా తమ్ముడి చెయ్యే సాక్ష్యం.

అది 1988 వేసవి. తమ్ముడికి ఏడేళ్ళు. మామిడి చెట్టెక్కి, ఎక్కిన పని పూర్తి కాకుండానే దిగాడు. ముంజేయి మధ్యలో విల్లులా వంగిపోయింది. నాయన వాణ్ణి భుజాన వేసుకుని బస్సెక్కితే, నేనూ ఏడ్చుకుంటూ వెనకాలే ఎక్కాను. పుత్తూరులో దిగి, అక్కడినించి రాచపాళెం చేరాము. అక్కడ జనాన్ని చూసి నా ఏడుపు నాకే మర్చిపోయింది. తెలుగు, తమిళం, కన్నడం కలగలిపి మూలుగుతున్నారు. లారీ డ్రైవర్లు, కల్లుచెట్టు మీదినించి పడినవాళ్ళు, పసిపిల్లలు, ముసలమ్మలు. తమ్ముడి చెయ్యి పట్టుకున్నాయన కళ్ళు ఎటో చూస్తున్నాయి, వేళ్ళు మాత్రం వాడి చేతిమీద నడుస్తున్నాయి. ఎక్కడో ఆగాయి. ఒక్క లాగు. తమ్ముడు పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది. మరు నిమిషంలో ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు దబ్బలు, అన్నీ వరసగా చేతిమీదికి ఎక్కేశాయి. ఆరిన తరవాత కట్టు గట్టిగా చెక్కలా అయింది. ఆ గుడ్డు వాసన పట్టి తమ్ముడు ఏడాదిపాటు ఆమ్లెట్టు ముట్టలేదు గానీ, చెయ్యి మాత్రం ముద్దుగా, తిన్నగా అతుక్కుంది. ఈనాటికీ ఏ చెయ్యి విరిగిందో వాడే ఆలోచించి చెప్పాలి.

ఆ విద్య అక్కడి రాజుల కుటుంబానిది. నూరేళ్ళు దాటిన మాట. చెన్నైలో, వేలూరులో ఏ వీధికి పోయినా "పుత్తూరు కట్టు" అన్న బోర్డు కనబడుతుందంటే ఆ పేరు ఎంత దూరం నడిచిందో చూడండి. దాని పుట్టుక గురించి మావైపు ఒక కథ చెప్పుకుంటారు. వేటకు పోయిన రాజుగారొకరు కాళ్ళు విరిగిన కుందేలును ఏదో ఆకులో చుట్టి ఇంటికి తెచ్చారట. విప్పేసరికి అది లేచి పరుగెత్తిందట. నవలలు రాసుకునేదాన్ని గనక కుందేలు మీద నాకేమీ అభ్యంతరం లేదు. కానీ నేను చదివింది బి.ఏ. చరిత్ర. కుందేలు పరుగెత్తిపోయిన తరవాత మిగిలిన వెదురు దబ్బ సంగతేమిటి, తెల్లసొన సంగతేమిటి అన్న దురద నాకు పోలేదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వరండాలో కూర్చుని ఆ దురద తీరా చదివాను. చదివింది మీకూ చెబుతాను. ఇందులో మనందరి ఇళ్ళకూ పనికివచ్చే సంగతి ఒకటుంది.

వెదురు దబ్బ మన పాతదే. సుశ్రుత సంహిత చికిత్సా స్థానంలో మూడో అధ్యాయమంతా విరిగిన ఎముకల గురించే. ఎముక విరుపులు పన్నెండు రకాలనీ, కీలు తప్పడం ఆరు రకాలనీ సుశ్రుతుడు లెక్క చెప్పాడు. మేడి, రావి, మర్రి, మోదుగ, మద్ది చెట్ల బెరళ్ళూ, వెదురూ దబ్బలుగా వాడమన్నాడు. కట్టు సడలితే ఎముక నిలవదు, మరీ బిగిస్తే వాచి, నొప్పిపుట్టి, పక్వమవుతుంది, కాబట్టి నడిమి తీరున కట్టమన్నాడు. చలికాలంలో ఏడు రోజులకొకసారి, సమశీతోష్ణంగా ఉన్నప్పుడు అయిదు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకే కట్టు విప్పి మార్చమన్నాడు. చిన్న వయసులో ఎముక నెలకు అతుకుతుంది, నడివయసులో రెండు నెలలు, ముసలితనంలో మూడు నెలలు అన్నాడు. ఎక్స్‌రే లేని కాలపు మనిషి ఎంతమంది కాళ్ళూ చేతులూ పట్టుకుని చూస్తే ఈ లెక్కలు వచ్చి ఉంటాయో ఊహించుకోండి.

ఇక కోడిగుడ్డు. ఇది మా పుత్తూరు సొత్తేనని నేను చాలా కాలం అనుకున్నాను. కాదట. పూర్వపు అరబ్బు వైద్యులూ తెల్లసొనతో కట్టు గట్టిపరిచారు. నెపోలియన్ సైన్యంలో పేరుమోసిన వైద్యుడు లారీ కూడా తెల్లసొన కలిపిన కట్లే వాడాడు. తరవాత బెల్జియంలో స్యూటాన్ అనే ఆయన గంజి కట్టు తెచ్చాడు. మనం చీరకు పెట్టే గంజి వాళ్ళు కాలికి పెట్టారన్నమాట! 1852లో హాలండు దేశపు సైనిక వైద్యుడు మాతైసన్ గుడ్డ పట్టీలకు సున్నపుపిండి వంటి ప్లాస్టర్ పొడి పట్టించి, తడిపి చుడితే నిమిషాల్లో రాయిలా గట్టిపడే పద్ధతిని ప్రకటించాడు. ఆసుపత్రుల్లో మనం చూసే తెల్లటి పిండికట్టు అదే. అంటే మా రాచపాళెం గుడ్డూ, ఆసుపత్రి పిండికట్టూ దాయాదులే తప్ప పరాయివాళ్ళు కాదు.

ఇంకో చుట్టరికం వింటే మీకు సరదా పుడుతుంది. ఇంగ్లండు పక్కన వేల్సు సీమలో ఆంగ్లసీ అనే దీవి ఉంది. 18వ శతాబ్దం నడుమ అక్కడ ఓడ మునిగి ఒక కుర్రవాడు ఒడ్డుకు కొట్టుకువచ్చాడు. ఏ దేశపువాడో తెలియదు, భాష రాదు. పెంచుకున్నవాళ్ళు వాడికి ఇవాన్ టామస్ అని పేరు పెట్టారు. వాడికి విరిగిన ఎముకలు కూర్చే నేర్పు ఉంది. ఆ నేర్పు కొడుకులకూ, మనవలకూ సంక్రమించింది. ఆ వంశంలో ఒకాయన లివర్‌పూలు చేరి, పట్టా లేకుండా వైద్యం చేస్తున్నాడని కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, విసిగిపోయి తన అయిదుగురు కొడుకులనూ పట్టాలున్న డాక్టర్లను చేశాడు. వారిలో ఒకడు హ్యూ ఓవెన్ టామస్. విరిగిన కాలిని కదలకుండా లాగి పట్టే ఇనుప చట్రం ఆయన చేసిందే. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికుల్లో ఎక్కువమంది దారిలోనే చనిపోతుంటే, ఆయన శిష్యుడు రాబర్ట్ జోన్స్ పట్టుబట్టి ఆ చట్రాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఎందరో బతికి బట్టకట్టారు. ఎముకల వైద్యశాస్త్రానికి ఇంగ్లండులో పితామహులనిపించుకున్నవాళ్ళ ముత్తాత మన రాచపాళెం రాజుల వంటివాడేనన్నమాట! 1867లో జేమ్స్ పేజెట్ అనే పెద్ద డాక్టరు తోటి డాక్టర్లకు ఒక ఉపన్యాసమే ఇచ్చాడు: ఈ కట్టు కట్టేవాళ్ళు నయం చేసే కేసులేమిటో చూడండి, వాళ్ళలో మంచి ఉంటే నేర్చుకోండి, చెడు ఉంటే తప్పించుకోండి అని.

అయితే ఈ పసర్లూ, గుడ్లూ, పిండ్లూ, చట్రాలూ చేసేదేమిటి? ఎముకను అతికించేది ఇవేనా? కాదు. ఎముకను అతికించేది ఎముకే.

విరిగిన గంటల్లోనే అక్కడ నెత్తురు గడ్డకడుతుంది. ఒంట్లోని కణాలు అక్కడికి చేరి పాడైనదాన్ని తీసివేస్తాయి. రెండో వారానికి మృదులాస్థి, అంటే మన చెవి డిప్పలో ఉండేలాంటి మెత్తని పదార్థం, రెండు కొసల మధ్యా వంతెన కడుతుంది. తరవాత ఆ వంతెనలోకి సున్నం చేరి గట్టి ఎముకవుతుంది. అదంతా బొడిపెలా లావుగా ఉంటుంది. ఆపైన నెలలూ ఏళ్ళూ పట్టి, అక్కరలేని చోట తినేస్తూ, అవసరమైన చోట పోస్తూ, ఒళ్ళు దాన్ని చెక్కుతుంది. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది. ఎముకకు మచ్చ మిగలదు, మళ్ళీ ఎముకే వస్తుంది. పసివాళ్ళలో కొంచెం వంకరగా అతికినా, పెరిగే కొద్దీ చాలావరకు సర్దుకుంటుంది. మా తమ్ముడి చెయ్యి తిన్నగా రావడంలో రాచపాళెం వేళ్ళదెంత వాటానో, వాడి ఏడేళ్ళ వయసుదీ అంత వాటా ఉంది. కట్టు పని ఒక్కటే: ఈ పని జరిగినన్నాళ్ళూ ఆ చోటుని కుదురుగా పట్టి ఉంచడం. 1741లో ఫ్రెంచి డాక్టరు ఆండ్రీ తన పుస్తకంలో వంకర చెట్టును తాడుతో కర్రకు కట్టిన బొమ్మ వేయించాడు. ప్రపంచంలో ఎముకల డాక్టర్లందరికీ ఈనాటికీ అదే చిహ్నం. పెరిగేది చెట్టు. కర్ర పట్టుకుంటుంది, అంతే.

ఇంతవరకూ వింటే మా చిన్నాయన, "అదే గదా నేను చెప్పేది!" అంటాడు. కానీ మా ఇంట్లో ఇంకో చెయ్యి కూడా ఉంది.

అది మా పెద్దమ్మ కూతురు, అక్క చెయ్యి. అక్కకు తొమ్మిదేళ్ళప్పుడు మోచెయ్యి పైన విరిగింది. వాళ్ళుండేది దూరపు ఊరు. అక్కడ ఎవరో ఒకాయన పుత్తూరు కట్టు అని బోర్డు పెట్టుకుని ఉంటే తీసుకువెళ్ళారు. ఆయనకు పుత్తూరుతో ఉన్న సంబంధం ఆ బోర్డు ఒక్కటే. బిగించి కట్టాడు. రాత్రికి వేళ్ళు ఉబ్బాయి, నీలంగా మారాయి. విప్పమని అక్క రాత్రంతా ఏడ్చింది. "బిగువుగా ఉంటేనే కుదురుతుంది, ఓర్చుకోవే" అని పెద్దవాళ్ళు సముదాయించారు. మూడో రోజు ఏడుపు ఆగింది. హమ్మయ్య, తగ్గిందనుకున్నారు. తగ్గలేదు, స్పర్శ పోయింది. ఎముక అతికింది గానీ కండ చచ్చి, వేళ్ళు గద్ద గోళ్ళలా లోపలికి ముడుచుకుపోయాయి. ఇప్పుడు అక్క ఎడమ చేత్తో రాస్తుంది, ఎడమ చేత్తో కలిపి తింటుంది. మల్లెపూలు మాత్రం కట్టలేదు, దానికి రెండు చేతులూ కావాలి. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళందరూ పూలబుట్ట చుట్టూ చేరితే అక్క లేచి వంటింట్లోకి పోతుంది. ఎందుకో నాకు తెలుసు.

దీనికి పేరు కూడా ఉంది. 1881లో జర్మనీ డాక్టరు వోక్‌మన్ ఈ గోళ్ళ చెయ్యి బిగువు కట్టు వల్ల నెత్తురు అందక కండ చచ్చిపోవడంవల్ల వస్తుందని రాశాడు. ఆయన చూసింది పల్లెటూరి కట్లు కాదు, డాక్టర్ల కట్లే. పిండికట్టయినా, వెదురు కట్టయినా పాపం ఒకటే. కొన్ని గంటలపాటు నెత్తురు అందకపోతే కండ చావడం మొదలవుతుంది. అందుకని తల్లులారా, ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఎవరు ఏ కట్టు కట్టినా వేలికొసలు బయటికి కనబడాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకండ్లలో మళ్ళీ ఎర్రబడాలి. వేళ్ళు తెల్లబడినా, నీలమైనా, తిమ్మిరెక్కినా, మెల్లగా చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి పుట్టినా, ఆ రాత్రికి ఆ రాత్రే కట్టు విప్పించాలి. బిడ్డ ఏడుస్తుంటే ఓర్చుకొమ్మనకండి. ఏడుపు ఆగేదాకా అసలే చూడకండి.

మళ్ళీ అమ్మ దగ్గరికి వస్తాను. ఆ ఉదయం ఇంట్లో రెండు జట్లయ్యాయి. బెంగళూరునించి తమ్ముడు ఫోనులో తిరుపతి అంటాడు. చిన్నాయన పుత్తూరు అంటాడు. అమ్మ చిన్నాయన పక్షం. ఫోటో తీయిస్తే తుంటి దగ్గర, తొడ ఎముక మెడ విరిగిందని తేలింది. అప్పుడు చిన్నాయన తన జట్టుకు బలం కోసం ఒక పెద్దాయనను పిలుచుకువచ్చాడు. ఆయన మావైపు ఒక పల్లెలో తరాలుగా కట్టు కట్టే ఇంటివాడు, మా నాయనకు స్నేహితుడు. ఎనభై దాటినవాడు. పదేళ్ళ కిందట అమ్మకు మణికట్టు విరిగితే కట్టు కట్టింది ఆయనే. చక్కగా కుదిరింది కూడా.

పెద్దాయన మంచం పక్కన కూర్చున్నాడు. అమ్మ కాలిని పట్టుకోలేదు, లాగలేదు. పొట్టిగా అయిన తీరు చూశాడు, ఒరిగిన పాదం చూశాడు. ఫోటో వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. తరవాత చిన్నాయన వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు:

"ఇది గిన్నెలో విరుపప్పా. దీనికి కట్టు లేదు. ఎక్కడ కట్టాలో, ఎంత బిగువు కట్టాలో మా నాయన నాకు ఆరేళ్ళలో నేర్పించినాడు. ఎప్పుడు కట్టగూడదో నేర్చుకునేదానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. తిరుపతికి పోండి. ఈ పొద్దే పోండి."

చిన్నాయన నోట మాట లేదు.

పెద్దాయన చెప్పింది శాస్త్రమేనని నాకు తరవాత తెలిసింది. తొడ ఎముక పైకొసన గుండ్రటి తల ఉంటుంది. అది తుంటి గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. ఆ తలకు నెత్తురు మోసే సన్నటి నాళాలు మెడ వెంబడి పోతాయి. మెడ విరిగితే అవి తెగుతాయి. తిండి అందని ఎముక ఎట్లా అతుకుతుంది? పైగా అది కీలు లోపల ఉంది, బయటినించి ఏ వెదురు దబ్బ దాన్ని పట్టి ఉంచగలదు? ఇక్కడి విరుపు ఎముకగా అతకడం లేదని 1822లో లండన్ డాక్టరు ఆస్ట్లీ కూపర్ రాసేశాడు. ఆ తరవాత కూడా నూరేళ్ళపాటు తుంటి విరిగిన ముసలివాళ్ళు నెలల తరబడి మంచాన ఉండి, పుండ్లు పడి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోవడమే జరిగేది. 1931లో అమెరికాలో స్మిత్ పీటర్సన్ మూడు రెక్కల మేకు దిగగొట్టి మెడను తలకు బిగించే పద్ధతి ప్రకటించాక కథ మారింది. తరవాత విరిగిన తలనే తీసివేసి లోహపు గుండు పెట్టే పద్ధతి వచ్చింది. సుశ్రుతుడు కూడా తుంటి, కటి ప్రాంతపు విరుపుల్లో కొన్నిటిని వైద్యుడు చేపట్టరాదని ముందే చెప్పి ఉంచాడు. ఆయనా మా పెద్దాయన వంటివాడే.

అమ్మకు లోహపు గుండే పెట్టారు. మర్నాడే నర్సమ్మలు నిలబెడితే, "నిన్న కోసి ఈ పొద్దు నిలబెడతారా, వీళ్ళకు తల్లులు లేరా?" అని అమ్మ నన్ను కోప్పడింది.

పెద్దాయన ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు. గడప దిగుతూ ఆగి, "పదేండ్ల కిందట మణికట్టు విరిగినప్పుడు ఎట్లా పడింది మీ అమ్మ?" అని అడిగాడు.

"నిలబడిన చోటే కాలు జారి, చెయ్యి ఆనించింది పెద్దయ్యా. పెద్ద దెబ్బేం కాదు."

"అదే. అంత చిన్న దెబ్బకు ఎముక ఎందుకు విరగాల అని ఆ పొద్దే అడగాల్సింది. నేను కట్టు కట్టి పంపిస్తి. నేనూ అడగలేదు."

ఆయన తప్పు ఆయన ఒప్పుకున్నాడు. నా తప్పు నేను ఇక్కడ ఒప్పుకుంటున్నాను. మణికట్టు కుదిరింది కదా అని నేనూ మర్చిపోయాను. పదేళ్ళపాటు ఏ డాక్టరునూ ఆ మాట అడగలేదు.

ఎముక మనం అనుకున్నట్టు రాయి కాదు. దాన్ని తినే కణాలూ, పోసే కణాలూ పగలూ రాత్రీ పనిలోనే ఉంటాయి. ఏడాదికి మన ఎముకల్లో ఇంచుమించు పదో వంతు కొత్తదవుతుంది. ఈ సంగతి కొలిచి చూడడంలో మన తెలుగువాడి చెయ్యి ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికా వెళ్ళకముందు మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం చెప్పినాయన, లెడర్లీ కంపెనీలో పరిశోధనలకు పెద్దగా ఉండగా 1948లో ఆరియోమైసిన్ అనే మందు బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అది మొదటిది. ఆ ఏడే ఆయన పోయారు. ఆ జాతి మందులు కొత్తగా పోస్తున్న ఎముకలో చేరి, అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరుస్తాయని 1957లో కనిపెట్టారు. మందు కొన్నాళ్ళిచ్చి, ఆపి, మళ్ళీ ఇస్తే ఎముకలో రెండు పచ్చగీతలు పడతాయి. గీతల మధ్య దూరాన్ని రోజులతో భాగిస్తే ఎముక రోజుకెంత పెరిగిందో లెక్క తేలుతుంది. జ్వరానికి పుట్టిన మందు ఎముకకు కొలబద్ద అయింది!

ఆడవాళ్ళకు ముట్లుడిగిన తరవాత తినే కణాల పని పోసే కణాల పనిని మించిపోతుంది. దీనికీ ఈస్ట్రోజెన్ తగ్గడానికీ ఉన్న సంబంధాన్ని 1940 ప్రాంతంలో బాస్టన్ డాక్టరు ఫుల్లర్ ఆల్బ్రైట్ బయటపెట్టాడు. ఎముక లోపల జల్లెడలా గుల్లబారుతుంది. బయటికి ఏ నొప్పీ ఉండదు. చిన్నగా పడి మణికట్టు విరగడమే చాలామందికి మొదటి కబురు. మా అమ్మకు ఆ కబురు పదేళ్ళ ముందే అందింది. చదవడం తెలిసినదాన్ని, నేను చదవలేదు. ఎముక సాంద్రత కొలిచే పరీక్ష ఉంది, మందులు ఉన్నాయి. అప్పుడే మొదలుపెట్టి ఉంటే తుంటి విరగక పోయేదని ఖాయంగా చెప్పలేను. విరగకుండా ఉండే అవకాశం మాత్రం పెరిగి ఉండేది.

అమ్మ ఇప్పుడు చేతికర్ర ఊతంతో ఇల్లంతా తిరుగుతోంది. గడప పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టించాము. మాత్రలు వేసుకుంటుంది గానీ నమ్మకమంతా నల్లేరు మీదే. కంచెమీదినించి లేత కణుపులు కోయించి, చేతికి నూనె రాసుకుని నార తీసి, దురద పోయేదాకా వేయించి, చింతపండు వేసి పచ్చడి నూరిస్తుంది. నేను నవ్వబోయి ఆగాను. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ అనే డాక్టర్లు 1960లలో ఈ నల్లేరునే పరీక్షించి, విరిగిన ఎముకలో సున్నం త్వరగా చేరడానికి అది సాయపడుతున్నదని రాశారని చదివి ఉన్నాను. మాత్రలు మానకుండా తింటానంటే పచ్చడి తిననిమ్మన్నాను. రాగిసంకటితో తింటుంది. నూరు గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉంటుందని చెబితే, "అది చెప్పేదానికి నువ్వు బి.ఏ. చదవాల్నా?" అంది.

పోయిన వారం తిరుపతిలో అమ్మను చూపించి తిరిగి వస్తున్నాము. పుత్తూరు దగ్గర బస్సు ఆగింది. చెయ్యి కట్టుతో ఒక చిన్నపిల్లాడు తల్లి ఒళ్ళో కూర్చుని ఉన్నాడు. నేను లేచి వెళ్ళి వాడి వేలికొసలు నొక్కి చూశాను. తెల్లబడి, వెంటనే ఎర్రబడ్డాయి. మంచి కట్టే. తల్లి నన్ను వింతగా చూసింది. విషయం చెప్పి వచ్చి కూర్చున్నాను.

అమ్మ కాసేపు కిటికీలోనించి కొండను చూసి, నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, మణికట్టు తడుముతూ అడిగింది.

"ఊరందరికీ చెబుతా ఉండావు సరే. నీకూ నలభై అయిదు దాటినాయి గదా పాపా, నువ్వెప్పుడు చూపించుకుంటావు?"

వచ్చే సోమవారానికి చీటీ రాయించుకున్నాను.